అమ్మ చెప్పిన ఆకాశయుద్ధం

ఆళ్లగడ్డలో మా అమ్మకు చిన్నతనంలోనే గొప్ప పేరు. జపాను విమానాన్ని కళ్లారా చూసిన పిల్ల అని!

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు పట్టిపోయారు. తాతయ్య కుటుంబంతో నంద్యాలలో రైలు దిగి, ఆళ్లగడ్డ బంధువుల పంచన చేరాడు. అక్కడ అరుగుమీద కూర్చుని, ఆకాశంలో విమానాలు గద్దల్లా కొట్టుకున్నాయని అమ్మ చెబుతుంటే ఊరు నోరు వెళ్లబెట్టేదట.

పెద్దయ్యాక చదివితే సంగతి వేరుగా ఉంది. విశాఖ మీదికి వచ్చినవి ‘ర్యూజో’ అనే విమానవాహక ఓడనుంచి లేచిన బాంబర్లు. పోరు జరిగింది ముందురోజు, కొలంబోమీద. జపాను ‘జీరో’లకూ ఇంగ్లీషువారి ‘హరికేన్’లకూ. జీరో తేలిక. చటుక్కున మలుపు తిరిగేది. దానితోపాటు తిరగబోయిన హరికేన్ దెబ్బతినేది. కాని ఆ తేలికే దాని చావూను! పైలటు వెనక ఉక్కురేకు లేదు, పెట్రోలు ట్యాంకుకు రక్షణ లేదు. గుండు తగిలితే భగ్గుమనేది. ర్యూజో కూడా ఎంతోకాలం బతకలేదు. ఆ ఆగస్టు 24న సాలొమన్ దీవుల దగ్గర అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి.

ఇదంతా అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“నిజమేరా, కొట్టుకోలేదు. అడ్డుకోవడానికి మనవైపునుంచి ఒక్కటీ లేవలేదని పరాయి ఊళ్లో చెప్పుకోవడానికి సిగ్గేసింది” అంది.