పాకశాల నుండి ఫోను తెర వఱకు

మన టిఫిను హోటళ్లలో సర్వరు వంటయింటి గుమ్మమున నిలిచి “రెండు పెసరట్టు, ఒక ఉప్మా” యని కేకవేయగా, లోపలి మాస్టరు పెనము మీదినుండి చూపు మరల్పకయే “ఆఁ” యని పలుకుట యెఱుగనివారుండరు. ఆ పలుకే ఆర్డరు చేరినదనుటకు రసీదు. 1890లో లండనులోని సవాయ్ హోటలు పాకశాలను చేపట్టిన ఫ్రెంచి పాకశాస్త్రజ్ఞుడు ఎస్కోఫియే, వంటపనిని శాఖలుగా విభజించి కట్టుదిట్టము చేసిన పద్ధతిలో సైతము, వచ్చిన ఆర్డర్లను బిగ్గఱగా చదివి వినిపించుటకే యొక ఉద్యోగి యుండెను.

ఆ కేక స్థానమున కె.ఓ.టి. యను చీటీయు, చీటీ స్థానమున పెక్కుచోట్ల తెరయు వచ్చినవి. ఒకే ఆర్డరులోని పెసరట్టు పెనము నొద్దకును, కాఫీ మఱియొక మూలకును విడివిడిగా పోవును; వండినవాడు పని ముగియగానే మీట నొక్కి తన పంక్తిని తుడిచివేయును; ఆ తుడుపులన్నియు కలిసినపుడే ఆర్డరు సిద్ధమైనదని లెక్క. 2008లో అమెరికాలో డామినోస్ సంస్థ ఇట్టి దశలను కొనువాడు ఇంటనుండియే కంప్యూటరు తెరపై చూచునట్లు చేసినది. పిజ్జా దీనికి మిక్కిలి అనువైనది: ఎవరిది వారికే చేయుదురు, కదలెడి పట్టీపై పొయ్యిలోనికి పోయినది నియమిత కాలమునకే వెలుపలికి వచ్చును.

హైదరాబాదు బిర్యానీ సంగతి వేఱు. మసాలాలో నానిన పచ్చిమాంసముపై సగముడికిన బియ్యము పఱచి, మూత చుట్టును పిండి మెత్తి దమ్ముకు పెట్టిన హండీలో పలువురి భోజనము ఒక్కమాఱే పక్వమగును. కావున ఫోనులో “తయారగుచున్నది” యని కనబడు వేళకు అన్నము ఏనాడో ఉడికియుండును. మిగిలినది వడ్డించి, సాలను, రైతా పొట్లములు కట్టుటయే. కాని మీ వంతు వచ్చుసరికి హండీ అడుగంటినచో, తరువాతి హండీని ఎవ్వరును తొందరపెట్టజాలరు. మంట పెంచినచో మాడును. ఈ నిరీక్షణకు తెరపై పేరే లేదు. రెండు వంటకములకు ఒకే మాట వాడుటలోని లోపమిదియేనని నా యభిప్రాయము.

ఇక నిమిషముల లెక్క. 1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు నిరూపించిన సూత్రము సరళమైనది: లోపలనున్న ఆర్డర్ల సగటు సంఖ్య, గంటకు వచ్చు ఆర్డర్లను ఒక్కొక్కటి లోపల గడుపు సగటు కాలముతో హెచ్చించిన లబ్ధమునకు సమానము. గంటకు 40 ఆర్డర్లు వచ్చుచు, లోపల ఎప్పుడును సుమారు 12 ఉండు పాకశాలలో, సగటు నిరీక్షణ 18 నిమిషములు. అయితే ఆ 12 నిజమై యుండవలెను గదా! మాస్టరు చేతులు పిండిలో నున్నవి; రద్దీ తగ్గిన పిదప నొక్కుదమని యతడు ఊరకుండెనా, ఎప్పుడో తినివేసిన పెసరట్లు కూడ తెరపై కాలుచునే యుండును. అట్లుగాక పార్సిలు కుఱ్ఱవాడు వేగముగా రావలెనని ముందుగా నొక్కినచో, అతడు వచ్చి గుమ్మమున నిలువబడును.

పార్సిలు బైకు నెక్కిన పిమ్మట చిక్కు తక్కువ. ఉపగ్రహ సంకేతములు దారి చూపును, ఎవ్వరును మీట నొక్కనక్కఱలేదు. పాకశాలలోను ఇట్టి సౌకర్యమును సాధింపవచ్చును. సాలను పొట్లము మఱువలేదని సరిచూచి సంచి ముడివేయు మనిషి ఎట్లును ప్రతి పార్సిలును చేతబట్టక తప్పదు. అతని యెదుటనే చీటీపైని గీతలను చదువు యంత్రము నుంచినచో, వేఱుగ మీట నొక్కు పనిలేకయే, సంచి చేయి మారిన నిమిషము తెరపైకి చేరును.