ఇసుర్రాయి కదిలితే ఎవరిని అడగాలి?

తాండూరు:

రాయి తనంతట తాను కదలదన్న సంగతి తాండూరు వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. గనిలో పొరలు పొరలుగా లేపిన బండను లారీ మీదికి చేర్చేసరికి కూలీల భుజాలు ఏమవుతాయో ఈ ఊరికి బాగా తెలుసు. అలాంటి ఊళ్లో నలుగురు పిల్లలు వేసవి మధ్యాహ్నం అరుగు మీద చేరి, "బండ లేచి నిలబడింది, ఇప్పుడేం చేస్తావు?" అని ఒకరినొకరు అడుక్కుంటుంటే దారిన పోయే పెద్దలకు వింతగానే ఉంటుంది. కాని ఆ ఆట పద్ధతే అది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను పుస్తకంగా అచ్చు వేశారు. ఇందులో పలక లేదు, పావులు తప్పనిసరి కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ అని వేషాలు పంచుకుంటారు. కొట్టిన దెబ్బ తగిలిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. కొత్తగా చేరినవాడు మొదటి మెట్టు మీద ఉంటాడు. వాడికి బలం తక్కువ, ప్రాణం ఇంకా తక్కువ. వాడి ఎదుట నిలబెట్టే భూతాన్ని పుస్తకంలోంచి తీసుకోవచ్చు, ఇంట్లోనే తయారు చేసుకోనూవచ్చు. చిక్కంతా ఈ రెండో పనిలోనే ఉంది.

ప్రాణం వచ్చిన వస్తువులంటే ఆ ఆట పుస్తకాల్లో ముఖ్యంగా మూడు కానవస్తాయి. నడిచే ఇనుప కవచం, ఎగిరే కత్తి, మనిషిని చుట్టేసి ఊపిరాడనివ్వని తివాచీ. వికారాబాద్ జిల్లాలో ఇనుప కవచం ఎవరింట్లో ఉంది? రోలు ఉంది, రోకలి ఉంది. పెరట్లో వాన తాగుతూ ఇసుర్రాయి ఉంది, అటక మీద చేట ఉంది, దండెం మీద గొంగడి ఉంది. భయపెట్టవలసి వస్తే ఇవి చాలు.

తెలుగువాళ్లకు కొత్త కాదు

వస్తువు లేచి మాట్లాడటం, మనిషిని ఆటపట్టించడం తెలుగు కథలకు పాత అలవాటు. విక్రమార్కుడి సింహాసనం మెట్ల మీది సాలభంజికలు ముప్ఫై రెండు. ఒక్కొక్కటి భోజరాజును ఆపి, ఒక కథ చెప్పి, నీకు ఇక్కడ కూర్చునే యోగ్యత ఉందా అని నిలదీస్తుంది. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు దీన్ని 'సింహాసన ద్వాత్రింశిక'గా తెలుగు చేశాడు. కత్తి దూయకుండానే రాజును ముప్ఫై రెండు సార్లు వెనక్కి పంపిన బొమ్మలవి. ఆట నడిపేవారు ఈ కిటుకు గుర్తుంచుకోదగ్గది.

ఇక 1957లో విజయా వారు తీసిన 'మాయాబజార్' ఉండనే ఉంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. మగపెళ్లివారి విడిదిలో తల్పం, కంబళి చేసిన అల్లరి మూడు తరాలను నవ్వించింది. గమనించవలసింది ఏమంటే, ఆ మంచం ఎవరినీ చంపదు. కూర్చోబోయిన వాణ్ణి పడదోస్తుంది, వాడి డాబు దించుతుంది, అంతే. మొదటి మెట్టు వీరులకు కావలసిన భూతం సరిగ్గా ఇదే.

లెక్క తప్పితే ఆట ముగిసినట్టే

పుస్తకంలోని తివాచీని తీసుకుందాం. 2014 నాటి భూతాల పుస్తకం ప్రకారం దాని ప్రాణబలం 33. ఒకసారి చుట్టుకుందంటే లోపలివాడికి ప్రతి వంతులోనూ సగటున 10 నష్టం. మొదటి మెట్టు మంత్రగాడి ప్రాణబలం సాధారణంగా ఏడో ఎనిమిదో. అంటే చుట్టుకున్న తర్వాత వాడికి ఒక్క వంతు కూడా దక్కదు. పైగా బయటి స్నేహితులు తివాచీని కొడితే ఆ దెబ్బలో సగం లోపలివాడికే తగులుతుంది. రక్షించబోయినవాడే ప్రాణం తీసినవాడవుతాడు. అదే ఏడాది వచ్చిన నియమాల్లో నలుగురు కొత్త వీరులకు 'ప్రాణాంతకం' అనే హద్దు 400 మార్కులు. తివాచీ ఒక్కటే 450. (2024లో వచ్చిన సవరణలో ఈ లెక్క వేసే తీరు మారింది. అయినా ఏడు ప్రాణబలం ఉన్నవాడికి పది దెబ్బ పడితే ఏమవుతుందో చెప్పడానికి ఏ నియమమూ అక్కరలేదు.)

కవచానిది మరో బాధ. దాని రక్షణాంకం 18. కొత్త కత్తివీరుడు పది దెబ్బలు వేస్తే సుమారు ఆరు గాల్లో పోతాయి. చావకపోవచ్చుగాని పిల్లలకు విసుగు పుడుతుంది. విసుగు పుట్టించిన భూతాన్ని మించిన చెడ్డ భూతం లేదు.

కాబట్టి తివాచీకి బదులు గొంగడి. కురుమల నల్ల గొంగడి బరువు భుజాన వేసుకున్నవారికే తెలుసు. ఇది మొదటి వంతులో చుట్టుకుంటుంది, కళ్లు కప్పుతుంది, నష్టమేమీ చేయదు. రెండో వంతు నుంచి నాలుగుకు మించని నష్టం. బయటివాడు కత్తి ఎత్తనక్కరలేదు, కొస పట్టుకుని లాగితే చాలు. బిందెడు నీళ్లు పోస్తే ఉన్ని తడిసి బరువెక్కి అక్కడే కూలబడుతుంది. ప్రాణబలం 12, రక్షణాంకం 11. ఇంత మార్పుతో అదే భయం నిలుస్తుంది, ప్రాణాలూ నిలుస్తాయి.

చేట సంగతి తేలిక. రెండో మూడో ఎగిరి వచ్చి కళ్లలో ఊక చల్లుతాయి. ఒక్క దెబ్బకు పడిపోతాయి.

షాబాదు బండ మాత్రం తాండూరు పిల్లలకే ప్రత్యేకం. పొరుగునున్న కర్ణాటకలోని షాబాదు పేరు మోస్తున్నా తాండూరు చుట్టూ ఇదే సున్నపురాయి, ఇదే పొరల అమరిక. దీన్ని ముఖం మీద బాదితే చెయ్యి నొప్పి పుడుతుంది. పొర అంచున ఉలి ఆనించి సుత్తి వేస్తే పలకలా విడిపోతుంది. అదే ఆటలో పెడితే సరి. ముఖం వైపు రక్షణాంకం 17, అంచు వైపు 11. గది మూలన ఎవరో వదిలేసిన ఉలి ఒకటి కనబడేలా ఉంచాలి. గనుల ఊళ్లో పుట్టిన పిల్లవాడు చప్పున అందుకుంటాడు. హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన మేనబావ కత్తితో బాది బాది అలసిపోతాడు. ఈ ఒక్కచోట ఊరివాడిదే పైచేయి కావడంలో తప్పేమీ లేదు.

పని ఇస్తే ఆగే భూతం

వస్తువుకు ప్రాణం వచ్చినా తన పని మరవకూడదు. ఇంట్లో తయారయ్యే భూతాలకు ఇంతకన్నా పనికొచ్చే సూత్రం లేదు. ఇసుర్రాయిని చూడండి. కింది రాయి, పై రాయి, నడుమ ఇరుసు, పక్కన పిడి. పై రాయి గిరగిర తిరుగుతూ దొర్లుకుంటూ మీదికొస్తుంది. దాని ప్రాణబలం 30 రాసుకున్నా ఫరవాలేదు, ఎందుకంటే దాన్ని కొట్టి గెలవనక్కరలేదు. గుప్పెడు కందులు కంట్లో పోస్తే చాలు, ఆగి విసరడం మొదలుపెడుతుంది. కందులు పప్పయ్యేవరకు దానికి మరో ధ్యాస ఉండదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ మండలంలో కందులు దొరకని ఇల్లు ఉండదు గనుక ఆటలోని వీరుడి సంచీలోనూ ఉన్నాయనుకోవడానికి అభ్యంతరం లేదు. మరీ తెలివైనవాడు పిడి ఊడదీస్తాడు. అదీ గెలుపే.

రైలు గార్డు చేతిదీపం కూడా ఇలాంటిదే. సికింద్రాబాదు నుంచి వాడి దాకా 1874లో రైలు నడిచింది. వికారాబాద్, తాండూరు ఆ దారిలోనివే. వికారాబాద్ జంక్షన్‌లో రాత్రిపూట ఎర్ర దీపం, పచ్చ దీపం చూస్తూ పెరిగిన పిల్లలకు నియమం చెప్పనక్కరలేదు. దీపం ఎర్రగా ఉన్న వంతులో అడుగు వేసినవాడికి వేడి తగులుతుంది. పచ్చగా ఉన్నప్పుడు నిలబడిపోయినవాడికీ తగులుతుంది. మసి గుడ్డ కప్పితే దీపం గుడ్డిదవుతుంది.

రోకలికి వేరే కథ ఉంది. గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెడితే గ్రహణం విడిచేదాకా పడదని తెలుగు పల్లెల్లో నమ్మకం. 2020 జూన్ 21 సూర్యగ్రహణం నాడు కూడా పలు జిల్లాల్లో ఇది కానవచ్చింది. అడుగు చదునుగా ఉండి బరువు నడిమికి పడే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం లేని రోజున నిలబెట్టి చూసేవారు తక్కువ కాబట్టి నమ్మకం బతికిపోయింది. ఆటలో రోకలి ఒక వంతు దంచుతుంది, ఆ ఊపుకు పడిపోతుంది, మరుసటి వంతంతా లేవడానికే సరిపోతుంది. పడి ఉన్నప్పుడు దాని మీద కూర్చున్నవాడు గెలిచినట్టు.

ఎవరు కదిపారు?

ఇంతవరకు నవ్వులాటే. కాని ఈ ప్రాంతంలో వస్తువులు కదిలే కథ చెప్పబోయేవారు ఒక్కచోట ఆగక తప్పదు. గది తలుపు తీయగానే ఇసుర్రాయి తిరుగుతోంది సరే, దాన్ని తిప్పుతున్నది ఎవరు? ఆడేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. అమెరికా పుస్తకం 'ఎవరో మంత్రగాడు' అని ఒక్క ముక్కలో దాటేస్తుంది. వికారాబాద్, తాండూరు పల్లెల్లో ఆ ముక్క అంత తేలిగ్గా దాటదు.

ఇక్కడ దానికి బాణామతి అని పేరుంది. ఉమ్మడి మెదక్, రంగారెడ్డి జిల్లాల్లోను, సరిహద్దు ఆవల బీదర్, గుల్బర్గా వైపున కూడా ఈ మాట వినని ఊరు అరుదు. ఇంటి మీద రాళ్లు పడ్డాయన్నా, పెట్టెలోని బట్టలు అంటుకున్నాయన్నా, ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు అరుస్తూ పడిపోయారన్నా కారణం అదేనని చెప్పుకొనేవారు. రాళ్లు వేసిన చెయ్యి ఎవరిదో వెదకడం కన్నా మంత్రం వేసిన మనిషి ఎవరో తేల్చడం ఊరికి తేలిక. ఆ తేల్చిన మనిషి చాలాసార్లు ఒంటరి ముసలమ్మ, లేకపోతే భూమి తగాదాలో ఎదుటి పక్షంవాడు. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టిన సంఘటనలు తెలంగాణ పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. కొట్టి చంపినవీ, తగలబెట్టినవీ వచ్చాయి. పోలీసులు, వైద్యులు, జన విజ్ఞాన వేదిక వంటి సంఘాల కార్యకర్తలు ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చింది.

అందుచేత ఊరి చివరి గుడిసెలో ఉన్న ముసలమ్మ ఇసుర్రాయిని పంపిందని పదేళ్ల పిల్లలకు కథ చెప్పడం ఇక్కడ వట్టి కథ కాదు. ఆట అయిపోయాక ఇంటికి వెళ్లే దారిలో నిజంగానే అలాంటి గుడిసె ఒకటి ఉండవచ్చు. సాయంత్రం ఆ గుమ్మం ముందు నుంచి వెళ్లే పిల్లల చూపు మారితే ఆ మార్పు తెచ్చినది ఆటే అవుతుంది. భయం లేకుండా భూతాల కథ ఉండదన్న మాట నిజమే. భయాన్ని వస్తువు మీద ఉంచడానికీ, పొరుగు మనిషి మీదికి తోయడానికీ ఉన్న తేడా మాత్రం కథ నడిపేవాడి చేతిలో ఉంది.

దారులు లేకపోలేదు. ఘటోత్కచుడి పరివారంలా నవ్వించే అసురులను పెట్టుకోవచ్చు. సాలభంజికల్లా వస్తువే అడ్డంపడి ప్రశ్న అడగవచ్చు. అన్నిటికన్నా ఇక్కడికి నప్పేది మరొకటి ఉంది. కరెంటు గ్రైండరు వచ్చాక రోలు పెరట్లోకి పోయింది. పప్పు మిల్లులు వచ్చాక ఇసుర్రాయి మూలపడింది. దసరా నాడు మిషన్లకు, లారీలకు కుంకుమ బొట్లు పెడతారు, మూలనున్న ఇసుర్రాయి దాకా ఆ బొట్టు రాదు. అలిగి లేచింది. ఎవరూ పంపలేదు, ఎవరూ మంత్రించలేదు. పిల్లలు గెలవాలంటే దాని అలక తీర్చాలి. ఎలా తీర్చాలో తెలియాలంటే ఇంట్లో నానమ్మను అడగాలి. 'దీన్ని ఎలా విసిరేవారు?' అని మనవడు వచ్చి అడిగితే కాదనే నానమ్మ ఉండదు. ఊరి చివరి ముసలమ్మ కథలోకి రావాలనుకుంటే ఈ జవాబు చెప్పే మనిషిగానే రావచ్చు.

పాచికలు దొరక్కపోతే

20 ముఖాల పాచిక తాండూరు బజారులో అడిగితే దుకాణదారు వింతగా చూడవచ్చు. పచ్చీసు గవ్వలతో సరిపెట్టబోతే లెక్క చెడుతుంది. నాలుగు గవ్వలు వేస్తే రెండు వెల్లకిల పడినంత తరచుగా నాలుగూ వెల్లకిల పడవు. పాచికకు అన్ని ముఖాలూ సమానం కావాలి. సులువైన ఉపాయం చీట్లు. 1 నుంచి 20 దాకా రాసి, ఒకే కొలతలో మడిచి, ఖాళీ డబ్బాలో వేసి కుదపాలి. తీసిన చీటీని చూసిన వెంటనే మళ్లీ డబ్బాలో వేయాలి. ఇది మరచిపోతే 20 చీటీ ఒకసారి వచ్చాక మళ్లీ రాదు. అది ఎవరి జేబులో ఉందో తేలేసరికి భూతాల సంగతి అటుంచి, వీరుల మధ్యనే యుద్ధం మొదలవుతుంది.