పుంత మొదలు మిల్లు వరకు

ధాన్యము ధర మిల్లు గుమ్మమున నిర్ణయమగుచున్నది గాని కళ్లమున కాదు. కళ్లమునుండి మిల్లునకు చేరులోపల ముఠా కూలి, బండి బాడుగ, దిగుమతి కూలి యను పేర్లతో ఎంత వ్యయమగునో అంతయు తగ్గి రైతునకు ముట్టును. వర్తకుడు తానే బండి తెచ్చి కొనుక్కొనిపోయినను, ఆ బాడుగ నతడు తన లాభమునుండి యిచ్చుచున్నాడని తలపరాదు.

పూర్వము ఎగువ ధాన్యమును, తీరపు ఉప్పును లంబాడీలు పెరికెయెద్దులపై తోలుకొని తిరిగెడివారు. దారిలో మేతయు నీరును లేని యేడు ఆ రాకపోకలును నిలిచిపోయెడివి. ఒక తావున గింజ చవుకగా పడియుండ మరియొక తావున జనులు ఆకటికి మాడుట సంభవించెడిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు ముగిసిన పిమ్మట డెల్టా కాలువలు పొలమునకు నీటినే గాక సరకునకు దారిని గూడ నిచ్చెను. నీటిదారియే చవుక యని సర్ ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించెను. ఆ వాదము నిరాధారము కాదు. గట్టుమీద నడచుచు ఇద్దరు ముగ్గురు మోకు పట్టి లాగు పడవలోని బస్తాలను మెట్టదారిని చేర్చుటకు పెక్కు బండ్లు కావలెను.

అట్లయ్యు పడవ యేల ఓడెను? 1900లో రాజమహేంద్రవరమున హేవలాక్ వంతెన మీదుగ రైలు నడచెను. తరువాత లారీలు వచ్చెను. వేగమే కారణమని చెప్పుట వాడుక. ఎత్తుదింపులు అంతకంటె బలమైన కారణమని మా యభిప్రాయము. పొలమునుండి రేవునకు బండి, రేవున పడవ, మరల రేవునుండి మిల్లునకు బండి: బస్తాను మూడుమారు లెత్తి మూడుమారులు దింపవలెను. కళ్లము దాక రాగలిగిన లారీకి ఒక్కమారే. కేవు ఎంత తక్కువయైనను కొద్ది దూరమునకు ఈ కూలియే దానిని మ్రింగివేయును. దూరము హెచ్చినకొలది లెక్క మారును గనుకనే వందల మైళ్లు పోవు బియ్యమునకు రైలు నేటికిని తగియున్నది. పైగా మరమ్మతులకై కాలువలు కట్టివేయు వేసవియే దాళ్వా నూర్పిళ్ల కాలము.

కాకినాడ మొదలు పుదుచ్చేరి వరకు గల కాలువలను, గోదావరి కృష్ణల కొంత భాగమును కలిపి 2008లో 4వ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. మంచిదే. కాని లాకులు బాగుచేసి లోతు త్రవ్వినంతమాత్రమున సరకు రాదు. రేవు ప్రక్కనే గిడ్డంగియో మిల్లో లేనిచో పాత యెత్తుదింపులే మరల దాపురించును.

2000 సంవత్సరమున మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన పెక్కు ఊళ్లకు తారురోడ్లు వచ్చినవి. ఊరినుండి పొలమునకు పోవు పుంత సంగతి వేరు. నల్లరేగడిలో ఒక్క వాన పడిన చాలును, ట్రాక్టరు దిగబడును. తడిసిన ధాన్యమునకు వర్తకుడు చెప్పినదే ధర. పుంత చెడినందున బస్తాకు 10 రూపాయలే అధికముగ పోవుచున్నవనుకొందము. 200 ఎకరముల ఆయకట్టున ఎకరమునకు 30 బస్తాల చొప్పున, ఒక్క పంటకే 60,000 రూపాయలు. ఈ సొమ్ము ప్రతి పంటకును చెల్లించుచున్నాము గాని యే పద్దులోను కానరాదు.

కావున ఈ నూర్పిళ్లకు బస్తాలెన్ని, ఎన్నిమారు లెత్తి దింపితిరి, బాడుగ యెంత, కూలి యెంత యను వివరములను సభ్యులందరు కాగితముపై వ్రాసి సర్వసభ్య సమావేశమునకు ముందుగ కార్యదర్శి కందజేయవలెను. ముందుగ ఏ పుంతకు గ్రావెలు పోయింపవలెనో, ఎవరెవరి ధాన్యము కలిపి ఒక్క లారీకి నిండు బరువు చేయవచ్చునో ఆ కాగితములనుబట్టి తేల్చవచ్చును. ఆక్రమణలో నున్న పుంతల సర్వే నంబర్లు గూడ వ్రాయుట మరువవలదు.