భారరహిత స్థితిలో వైద్యసాధనములు

రోగి మంచము ప్రక్కను వ్రేలాడు సెలైన్ సీసాను ఎఱుగనివారు నేడు మన పల్లెలలో సైతము లేరు. సీసా పైన నుండుటచేతనే మందునీరు క్రిందికి దిగుచున్నది. చుక్కచుక్కగా రాలుచు, గాలిని పైననే విడిచి, నీరు మాత్రమే నరమును చేరుచున్నది. ఈ పని యంతయు చేయుచున్నది బరువే. బరువు లేనిచోట చుక్క రాలదు, బుడగ తేలదు. గాలియు నీరును కలిసి నురుగగును. ఆ గాలి రక్తనాళమున ప్రవేశించినచో ప్రాణాపాయము.

కావున అంతరిక్షమునకు పంపదలచిన వైద్యసాధనమును ముందుగా భారరహిత స్థితిలోనే పరీక్షింపవలసి యున్నది. భూమ్యాకర్షణమును ఆపుట ఎవ్వరి తరమును కాదు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందును అది నూటికి సుమారు 90 పాళ్లు మిగిలియే యున్నది. అందలివారు ఎడతెగక పడుచుండుటచేతనే బరువు నెఱుగకున్నారు. అట్టి పాటును కల్పించుటకై విమానమును పైకెగయించి, విసరిన రాయి పోవు దారిని పోనిత్తురు. ఫ్రాన్సు దేశమందలి బోర్డోనుండి యెగురు విమానములో ఈ స్థితి మాఱునకు 22 సెకండ్లు మాత్రమే యుండును. 2006 సెప్టెంబరు 27న డొమినిక్ మార్టిన్ అను శస్త్రవైద్యుడు సహచరులతో గూడి ఇట్టి విమానములోనే ఒక రోగి ముంజేతి కంతిని తొలగించెను. పనిముట్లు ఎగిరిపోకుండ అయస్కాంతములచే పట్టి యుంచిరి. ఆ సాహసమును మేము తక్కువ చేయము. కాని గంటలకొలది నడువవలసిన మందుపంపు గుణము 22 సెకండ్లలో తేలునా? దానికి కక్ష్యయే పరీక్షాస్థలము. 2010లో అమెరికావారు ఆ కేంద్రమునందే నీటిని శుద్ధిచేసి, ఉప్పు కలిపి, సెలైన్ తయారుచేసి చూచిరి.

ఇది వట్టి వేడుక కాదని 2020లో ఒక వైద్యపత్రిక ప్రకటించిన ఉదంతము తెలుపుచున్నది. కేంద్రమున రెండు నెలలు గడపిన యాత్రికు నొకరి మెడసిరలో రక్తపుగడ్డ, వేఱొక పరిశోధనకై చేసిన అల్ట్రాసౌండు పరీక్షలో, బయటపడినది. రక్తము గడ్డకట్టనీయని మందు అచ్చట పరిమితము, సిరంజులును కొలదియే. బరువులేని ద్రవము గాజు నంటిపెట్టుకొనును గనుక, బుడ్డినుండి మందును సిరంజిలోనికి తీయుటయే కష్టమైనది. నేలనుండి నిపుణులు చెప్పుచుండగా ఆ యాత్రికుడే తన మెడపై పరికరమును త్రిప్పి చూపవలసి వచ్చెను.

2025లో మన శుభాంశు శుక్లా ఆ కేంద్రమున 18 దినములు గడపి వచ్చెను. శ్రీహరికోటనుండి మనవారిని మన నౌకలోనే పంపు గగనయాన సంకల్పమును కలదు. నౌక మనది, మందులపెట్టె పరులది యగుట మాకు రుచింపదు. ఆ పెట్టెలోని ప్రతి గొట్టమును, ప్రతి సూదిని మన వైద్యులును ఇంజనీర్లును కలిసి ముందే పరీక్షింపవలెను. ఫలితములను, చెడినవానితో సహా, ప్రజలకు ప్రకటింపవలెను.