థైరాయిడ్ అతిగా పనిచేస్తే: చికిత్స ఏమిటి, మన సాయం ఎక్కడ?

రాప్తాడు పల్లెల్లో మనిషి చిక్కిపోతే ఎండలో కూలిపని వల్లే అనుకుంటాం. గుండె దడ, చేతుల వణుకు ఉంటే నరాల బలహీనత అంటాం, లేదా దిష్టి తగిలిందంటాం. బాగా తింటున్నా బరువు తగ్గడం, చెమటలు, నిద్రపట్టకపోవడం, మెడ ముందు వాపు, కళ్లు ముందుకు పొడుచుకురావడం వంటివి కనిపిస్తే మాత్రం థైరాయిడ్ పరీక్ష చేయించాలి. టీఎస్‌హెచ్, టీ3, టీ4 రక్తపరీక్షలతో విషయం తెలుస్తుంది. ఆడవారిలో ఈ జబ్బు ఎక్కువ. అశ్రద్ధ చేస్తే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

చికిత్సకు మూడు మార్గాలున్నాయి.

మొదటిది మాత్రలు. కార్బిమజోల్ వంటి మందును సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతారు. దడ తగ్గేందుకు మొదట్లో ప్రొప్రనలాల్ ఇస్తారు. ఆస్తమా ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. కోర్సు పూర్తయినా దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెట్టవచ్చు. కార్బిమజోల్ వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగానైనా తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. గర్భిణులు వెంటనే డాక్టరును కలవాలి; తొలి నెలల్లో మందు మార్చాల్సి రావచ్చు.

రెండవది రేడియో అయోడిన్. 1941లో బోస్టన్‌లో మొదలైన చికిత్స ఇది. నోటితో తీసుకున్న మందు గ్రంథిలో చేరి దాని పనిని తగ్గిస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. తీసుకున్న స్త్రీలు కనీసం 6 నెలలు గర్భం దాల్చకూడదు. కళ్ల జబ్బు పెరగవచ్చు కనుక కళ్లు ముందే చూపించుకోవాలి. దీనికి తిరుపతి స్విమ్స్ వంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మూడవది ఆపరేషన్. పెద్ద గడ్డ ఉన్నా, క్యాన్సర్ అనుమానమున్నా ఇదే మేలు. గొంతు నరానికి దెబ్బ తగలడం, కాల్షియం తగ్గడం దీనిలోని ప్రమాదాలు. అనుభవమున్న సర్జన్ అవసరం. గ్రంథిని పూర్తిగా తీసేస్తే జీవితాంతం రోజూ లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. రేడియో అయోడిన్ తర్వాత కూడా చాలామందికి ఇదే అవసరమవుతుంది.

రంజాన్‌లో మాత్ర మానకండి. సహరీకో ఇఫ్తారుకో మార్చుకోవచ్చేమో ముందే డాక్టరును అడగండి. జబ్బు అదుపులో లేనివారికి రోజా విషయంలో మినహాయింపు ఉంది.

దాతలకు మా మనవి ఒక్కటే. ఈ మాత్రల ఖరీదు పెద్దది కాదు. మొదట్లో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చేయించే పరీక్ష, అనంతపురానికి బస్సు చార్జీ, పోయిన ఒకరోజు కూలి, ఇవే పేదవాణ్ణి మధ్యలో ఆపేస్తాయి. కాస్త నెమ్మదించగానే "బాగైపోయింది" అని మందు మానేస్తారు. అందుకే ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా, ఒక రోగికి 18 నెలలపాటు పరీక్షల ఖర్చు భరిస్తామన్న మాట ఎక్కువ మేలు చేస్తుంది. జకాత్, సదఖా ఇచ్చేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.