చెస్ ప్రాక్టీస్‌కి ఏ సాఫ్ట్‌వేర్? సబ్‌స్క్రిప్షన్ కొనే ముందు ఇది చూడండి

సంజామల లాంటి ఊళ్లో ఉండి, కోచింగ్ కోసం వారం వారం నంద్యాల తిరిగే వీలు లేకపోతే మీ కోచ్ ఫోనే. అందుకే చాలామంది అడిగే మొదటి ప్రశ్న: "ఏ ఇంజిన్ స్ట్రాంగ్ బ్రో?"

అసలు ఆ ప్రశ్నే వద్దు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో 2801 రేటింగ్ అందుకున్నాడు. కార్ల్‌సన్ అత్యధిక రేటింగ్ 2882. ఫ్రీగా దొరికే స్టాక్‌ఫిష్ మామూలు ఫోన్‌లో నడిచినా వీళ్లిద్దరినీ ఓడిస్తుంది. 1200 రేటింగ్ ఉన్న మనకి అంతకంటే స్ట్రాంగ్ ఇంజిన్ ఎందుకు? స్టేటస్ ఫొటోలకి 200 మెగాపిక్సెల్ కెమెరా కొన్నట్టే.

చూడాల్సింది ఒక్కటే: ఆ యాప్ మీ చేత ఆలోచింపజేస్తోందా, లేక జవాబు చేతిలో పెట్టేస్తోందా? గేమ్ అవ్వగానే ఇంజిన్ ఆన్ చేసి, బాణం గుర్తు చూసి "ఓహో, గుర్రం అక్కడికి జరపాలా" అనుకుంటాం. రేపటికి ఏమీ గుర్తుండదు.

అందుకే నా ఓటు లైచెస్‌కి. 2010లో మొదలైంది, విరాళాలతో నడుస్తోంది, యాడ్స్ లేవు, పజిల్స్‌కి లిమిట్ లేదు. ఆ పజిల్స్ కూడా జనం నిజంగా ఆడిన గేమ్‌లలోంచి తీసినవే. గేమ్ అనాలిసిస్‌లో 'మీ తప్పుల నుంచి నేర్చుకోండి' అనే ఆప్షన్ ఉంటుంది. అది జవాబు దాచి, సరైన ఎత్తు మిమ్మల్నే వెతకమంటుంది. అసలు ట్రైనింగ్ అంటే అదీ. ఇంజిన్‌ని ఫోన్‌లోనే గంటలు గంటలు నడిపితే ఫోన్ వేడెక్కి బ్యాటరీ దిగిపోతుంది. సర్వర్ అనాలిసిస్ వాడుకోండి.

చెస్ డాట్ కామ్‌లో పాఠాలు, బాట్‌లు బాగుంటాయి. కానీ ఫ్రీ అకౌంట్‌లో పజిల్స్‌కీ, గేమ్ రివ్యూకీ పరిమితులుంటాయి. పాఠాలు వరసగా కావాలంటే ఒక్క నెల కట్టి చూడండి, ఏడాది ప్లాన్ వద్దు. చెస్‌బేస్ అయితే విండోస్ కంప్యూటర్ ఉండి, టోర్నమెంట్‌లలో ఎదుటివాళ్ల ఓపెనింగ్స్ ముందే చదివి వెళ్లేవాళ్లకి. మిగతావాళ్లకి దండగ.

కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఈ రెండు సైట్లూ లేవు, స్టాక్‌ఫిష్ కూడా లేదు. నాన్న అశోక్ గారే కోచ్.

ఏ యాప్ పెట్టుకున్నా 15 నిమిషాల గేమ్‌లు ఆడండి. ఒక్క నిమిషం బుల్లెట్ గేమ్‌లు టైమ్‌పాస్‌కే. గేమ్ అయ్యాక, ఇంజిన్ ఆన్ చేయకముందే, ఎక్కడ తడబడ్డారో రెండు లైన్లు రాసుకోండి. ఆ తర్వాత ఇంజిన్ ఏమంటుందో చూడండి.