తెల్లకణాల లెక్క ఏం చెబుతుంది?

విద్యార్థులారా! హిందూపురం, పెనుకొండ, ధర్మవరం – ఈ మూడు ఊళ్ళ నుంచి ముగ్గురు పిల్లలు రక్తపరీక్ష చేయించుకున్నారనుకుందాం. ముగ్గురి రిపోర్టుల్లోనూ తెల్ల రక్తకణాల దగ్గర ఎర్రగీత ఉంది. ఇంట్లోవాళ్ళ గుండెలు గుభేలుమన్నాయి. అంత భయం అవసరమా?

ఘన మిల్లీమీటరు రక్తంలో, అంటే సుమారు ఆవగింజంత చుక్కలో, పెద్దవాళ్ళకు 4,000 నుంచి 11,000 దాకా తెల్లకణాలుంటాయి. చిన్నపిల్లల్లో మరికొన్ని ఎక్కువే. ఇవి రోగక్రిములతో పోరాడే సైనికులు. వీటిలో అయిదు రకాలున్నాయి: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, మోనోసైట్లు, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్.

హిందూపురం అబ్బాయికి గొంతునొప్పి, జ్వరం. కణాలు 15,000, అందులో న్యూట్రోఫిల్స్ 82 శాతం. బాక్టీరియా దాడి చేసినప్పుడు ఎముక మజ్జ ఇలా అదనపు సైన్యాన్ని పంపుతుంది. రోగం తగ్గాక లెక్క మామూలుకు వస్తుంది.

పెనుకొండ అమ్మాయికి జ్వరం. కణాలు 3,200 మాత్రమే. డెంగీ వంటి వైరస్ జ్వరాల్లోనూ, టైఫాయిడ్‌లోనూ సంఖ్య పడిపోవచ్చు. కోలుకున్నాక సాధారణంగా పెరుగుతుంది.

ధర్మవరం అబ్బాయి మొత్తం 9,000. బాగానే ఉంది కదా! కాని ఇసినోఫిల్స్ 18 శాతం. 9,000ను 18తో గుణించి 100తో భాగిస్తే 1,620. మామూలుగా ఇవి 500 మించవు. కడుపులో నులిపురుగులు, ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవారిలో ఇవి పెరుగుతాయి. చూశారా, మొత్తం ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలిసేదే కాదు!

మరి రక్తకేన్సరో? అందులో మజ్జ ముదరని కణాలను అదుపు లేకుండా తయారుచేస్తుంది. అప్పుడు లెక్క చాలా పెరగవచ్చు, ఒక్కోసారి తగ్గనూవచ్చు. అందుకే సంఖ్యను బట్టి తేల్చరు. రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూస్తారు, అవసరమైతే మజ్జను పరీక్షిస్తారు.

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది నెలల్లోనే చనిపోయేవారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అమెరికాలోని లెడర్లీ సంస్థలో పనిచేస్తుండగా ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. 1947లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని పిల్లలకిచ్చారు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. సకాలంలో మంచి వైద్యం అందితే ఈనాడు చాలామంది పిల్లలు బతుకుతున్నారు.

కనుక రిపోర్టు చూసి బెంబేలు పడకండి. మందులు మీరే కొనుక్కోకండి. దాన్ని డాక్టరుకు చూపండి, మళ్ళీ పరీక్ష చేయించమంటే చేయించండి.

ఇప్పుడొక లెక్క: మొత్తం కణాలు 8,000, లింఫోసైట్లు 30 శాతం. అవి ఎన్ని?